ఇద్దరు లక్ష్మమ్మలతో కృష్ణగిరికి

హోసూరులో బస్సెక్కితే కృష్ణగిరి ఒక పూట ప్రయాణం. మా వదినా నేనూ ఆ పూటను లాగి లాగి వారం చేశాం. తిరిగొచ్చాక ఈ సంగతులు రాస్తానంటే వదిన నవ్వింది.

"కాశీకి పోయొచ్చినోళ్ళు రాస్తారు, రామేశ్వరం పోయొచ్చినోళ్ళు రాస్తారు. కుందారపల్లికి పోయొచ్చినామని రాస్తే ఎవరు చదువుతారమ్మా?" అంది.

కాశీ గురించి చదవడానికి ఇప్పటికే చాలా ఉన్నాయి, కుందారపల్లి గురించి ఇదొక్కటే ఉంటుంది, అన్నాను.

నాకు అక్షరాలు వచ్చింది తల నెరిశాక. మా ఆయన బండిచక్రాలు చేస్తాడు. ఆయన చెక్కగా రాలిన పేళ్ళు పొయ్యిలో పెట్టి, సంగటి తొందరగా దించేసి, సాయంత్రం ఆడవాళ్ళకు పాఠం చెప్పే టీచరమ్మ ఇంటికి పరుగెత్తేదాన్ని. ముందు తెలుగు వచ్చింది. అరవ అక్షరాలు బస్సు బోర్డులు చూసి పట్టుకున్నాను. అందుకే నేను అరవంలో మొదట చదివిన మాటలన్నీ ఊళ్ళ పేర్లే.

రెండో పెద్ద ఎలక్షన్లు రాబోతున్న కాలం అది. మొదటిసారి ఓటర్ల జాబితాలు రాసినప్పుడు, గడపలో నిలబడి పేరడిగిన పరాయి మగవాడికి మా వైపు ఆడవాళ్ళు పేరు చెప్పలేదు. రాసేవాళ్ళు ఫలానావాడి పెళ్ళాం, ఫలానావాడి తల్లి అని రాసుకుపోయారు. తర్వాత, పేరు లేని మనిషికి ఓటేమిటని అలాంటివాళ్ళను కొట్టేశారు. ఈసారి ఆడవాళ్ళు తమ పేరు చెప్పాలి, మొగుడి పేరు కూడా చెప్పాలి. మొగుడి పేరు పలికితే ఆయుష్షు తగ్గుతుందని మా అందరి నమ్మకం. ఎవరి ఆయుష్షో ఎవరికీ సరిగా తెలియదు గానీ, తగ్గుతుంది.

ఆ పేర్లు దరఖాస్తుల్లో రాసుకు రమ్మని టీచరమ్మ మమ్మల్ని జతలు జతలుగా తలా ఒక దారికి పంపింది. నాకు కృష్ణగిరి దారి, నాకు జత మా వదిన పాపమ్మ. ఆమె మా ఆయనకు అక్క. ఒక్క అక్షరం రాదు, నోరు మాత్రం నలుగురికి సరిపడా ఉంది. ఇంకొక సౌకర్యం కూడా ఉంది. తమ్ముడు కాబట్టి నా మొగుడి పేరు ఆమె చెప్పగలదు. ఆమె మొగుడి పేరు నేను చెప్పగలను. ఊరూరా తిరిగి "పేర్లు చెప్పండి తల్లీ" అని అడగబోయే నేను, నా కాగితం మీద మా ఆయన పేరు వదిన చేతే చెప్పించి రాసుకున్నాను. ఇక్కడ కూడా రాయను. మీకు దాంతో పనిలేదు.

హోసూరు బస్సులో

బస్సు నిండా కాలీఫ్లవరు బుట్టలు, వాటి మధ్య మనుషులు. కండక్టరు మా చేతిలో కాగితాల కట్ట చూశాడు.

"ఓట్లడగను పోతావుండారా అక్కా? ఏ పార్టీ?"

"పేర్ల పార్టీ," అంది వదిన. "నీ పెండ్లాం పేరు చెప్పప్పా, జాబితాలో ఉండాదో లేదో మా మరదలు చూస్తాది."

కండక్టరు టికెట్టు చింపుతూ ఆగిపోయాడు. పై కప్పు చూశాడు. డ్రైవరు వైపు చూశాడు.

"మా అమ్మ దాన్ని 'ఓ పిల్లా' అంటాది. నేను 'ఇదిగో' అంటాను. పెండ్లి పత్రికలో ఉండాది, చూసి చెప్తా."

"పిల్లలెంతమందప్పా?"

"ముగ్గురు."

"ముగ్గురు పిల్లల్ని కన్నావు, ఇంగా పత్రిక చూడాల్నా?" అంది వదిన. బస్సంతా నవ్వింది. సూళగిరిలో మేము దిగుతుంటే అతను పరుగెత్తుకొచ్చి, "రత్నమ్మ! రత్నమ్మక్కా!" అని అరిచాడు. దారి పొడుగునా వెతుక్కున్నట్టున్నాడు పాపం.

సూళగిరి సంతలో గాజుల శెట్టి పక్కన

సూళగిరిలో కొండ ఊరి మీదికి వంగి చూస్తున్నట్టు ఉంటుంది. ఆ రోజు సంత. చింతపండు, ఉలవలు, మేకలు, వాటి బేరాలు మూడు భాషల్లో. మేము చెట్టు కింద కూర్చొని "ఓటు, ఓటు" అని పిలిస్తే ఆడవాళ్ళు దాదాపు ఎవరూ ఆగలేదు. ఆగినవాళ్ళు కూడా మేము ఏదో మందు అమ్ముతున్నామనుకొని, మోకాళ్ళ నొప్పులకు పని చేస్తుందా అని అడిగి పోయారు.

అప్పుడు నా కన్ను గాజుల శెట్టి మీద పడింది. మలారం విప్పి, చాప మీద గాజులు పరిచి, ఒకామె చెయ్యి పట్టుకొని గాజు ఎక్కిస్తున్నాడు. గాజు సగం ఎక్కిన మనిషి లేచి పారిపోలేదు గదా. పోయి ఆయన పక్కన చాప వేశాం. శెట్టి చేతిలో చెయ్యి చిక్కగానే నేను అడిగేదాన్ని.

"అమ్మా, నీ పేరేమి?"

"అయ్యో, చెయ్యి నొప్పి!"

"నొప్పి ఆయన చూసుకుంటాడు, పేరు చెప్పు."

సొంత పేర్లు ఇలా రాలిపోయాయి. మొగుళ్ళ పేర్లే రాలేదు. దానికి వదిన ఒక బేరం కనిపెట్టింది. ఇద్దరేసి ఆడవాళ్ళను ఎదురెదురుగా కూర్చోబెట్టింది. "నీ మొగుడి పేరు ఆమె చెప్తాది, ఆమె మొగుడి పేరు నువ్వు చెప్పు. ఎవరి ఆయుస్సూ తగ్గదు." అది బ్రహ్మాండంగా నడిచింది. కొందరు ఈ సందులో ఎదుటామె మొగుడి పేరుతో పాటు, అతను ఎక్కడ తాగుతాడో కూడా చెప్పారు. దాన్ని రాసుకోవడానికి దరఖాస్తులో చోటు లేదు.

ఒకామెకు మాత్రం జత దొరకలేదు, ఆ సంతలో ఆమెను ఎరిగినవాళ్ళు లేరు. చేతులు తిప్పుతూ, "నెమిలి మీద తిరిగే సామి పేరు," అంది.

నాకు అర్థమైంది. అయినా కాగితం మీదికి వంగి, "సరే, వినాయకప్ప," అన్నాను.

"వినాయకప్ప ఎలుక మీద గదమ్మా తిరిగేది! నీకెవురు చదువు చెప్పినారు? మా ఇంటాయన సుబ్బరా..."

నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. శెట్టి చేతిలో గాజు పుటుక్కుమంది. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు పడి పడి నవ్వారు.

"అంత దూరం వచ్చినాక మిగిలింది కూడా చెప్పేయమ్మా," అంది వదిన. ఆమె చెప్పలేదు. నేను 'యప్ప' సొంతంగా కలుపుకున్నాను. పగిలిన గాజు డబ్బు శెట్టి నా దగ్గర వసూలు చేశాడు.

ఆ పూట చింతపండు గింజలు తీసే ఒకామె ఇంట్లో బస. హోసూరులో మేము సంగటిలో బియ్యపు నూకలు వేస్తాం. అక్కడ ఉత్త రాగిపిండి. ముద్ద తలకాయంత. దాన్ని నమలకూడదట, ఊరిబిండి అద్దుకొని మింగాలట. వేరుశనగ, పచ్చిమిరపకాయ రోట్లో దంచిన ఆ ఊరిబిండి కోసం నేను మళ్ళీ సూళగిరికి పోగలను. వదిన మాత్రం అలవాటు కొద్దీ నమిలింది. ముద్ద పంటికి అతుక్కొని, ఆమె కాసేపు మాట్లాడలేకపోయింది. అప్పటిదాకా మా ప్రయాణంలో అదొక్కటే నిశ్శబ్దం.

కుందారపల్లి దాటాక

కుందారపల్లిలో రోడ్డు పక్కన టీ కొట్టు బెంచీ మీద కాగితాల కట్ట పెట్టి నీళ్ళు తాగుతున్నాం. ఒక మేక వచ్చి ఖాళీ దరఖాస్తులు కొన్ని తినేసింది. పేర్లు నింపినవి ముట్టలేదు. మొగుళ్ళ పేర్లు నోట పెట్టుకోవడం దానికి కూడా ఇష్టం లేదేమో.

అక్కడి నుంచి రోడ్డు దిగి, రాగి చేల గట్ల మీద నడిస్తే బూరుగుదొడ్డి వస్తుంది. ఊరి దేవుడు తిమ్మరాయస్వామి. ఈ ఒక్క సంగతి ముందే తెలిసుంటే మేము ఆ ఊరికి ఇంకో ఏర్పాటుతో పోయేవాళ్ళం. వదిన దర్జాగా ఆడవాళ్ళను ఎదురెదురుగా కూర్చోబెట్టి, "ఊ, ఈమె మొగుడి పేరు చెప్పు," అంది. ఆమె తల దించుకుంది. "పోనీ నువ్వు ఆమె మొగుడి పేరు చెప్పు." ఈమె కూడా తల దించుకుంది. ఇంకో జత, అదే వరస.

సంగతేమిటంటే ఆ ఊళ్ళో మగవాళ్ళందరూ తిమ్మరాయప్పలే. మూలింటి తిమ్మరాయప్ప, నల్ల తిమ్మరాయప్ప, గానుగ తిమ్మరాయప్ప. ఎవరి మొగుడి పేరు చెప్పినా తన మొగుడి పేరు చెప్పినట్టే.

చివరికి ఒకామె దొరికింది. ఆమెకు అన్నదమ్ములు లేరు. తండ్రి పక్క ఊరి నుంచి అల్లుణ్ణి ఇల్లరికం తెచ్చుకున్నాడు. అతని పేరు చిన్నసామి. కాబట్టి ఆ ఊళ్ళో నోరారా తిమ్మరాయప్ప అనగలిగిన ఇల్లాలు ఆమె ఒక్కతే. ఆ పొద్దుటి దాకా ఆమెను ఎవరూ పట్టించుకునేవాళ్ళు కాదట. ఇప్పుడు అరుగు మీద కాలు మీద కాలేసుకొని కూర్చొని, పేరుకొక తమలపాకు ఇస్తే గానీ చెప్పనంది. మధ్యాహ్నానికి ఆమె నోరు ఎర్రగా పండింది, మా దరఖాస్తులు నిండాయి.

చావడి గోడ

పని అయిపోయిందని చాప చుడుతుంటే, ఒకామె నా కొంగు పట్టుకొని చావడి దగ్గరికి తీసుకుపోయింది. నలభైకి దగ్గర పడిన మనిషి. చావడి గోడకు ఆ ఊరి జాబితా అతికించి ఉంది.

"అక్కా, నీకు చదవను వస్తాది గదా. ఈడ నా పేరుండాదేమో చూడు."

"ఏ పేరమ్మా?"

వీధి అటూ ఇటూ చూసి, నా చెవిలో "లచ్చుమమ్మ," అంది.

ఉంది. తిమ్మరాయప్ప భార్య లక్ష్మమ్మ. దాని కిందే, అదే ఇంటికి, ఇంకొకసారి తిమ్మరాయప్ప భార్య లక్ష్మమ్మ. రెండోదాని మీద అడ్డంగా ఎర్రగీత కొట్టి, పక్కన 'రెండుసార్లు వచ్చింది' అని రాసి ఉంది.

ఆమె అలాగే గోడకు ఆనుకొని కూర్చుంది. కొంచెం కొంచెంగా నాకు కథ తెలిసింది. ఆమె అత్త పేరు కూడా లక్ష్మమ్మే. మా వైపు ఆచారం తెలుసు కదా, అత్త పేరే కోడలికి ఉంటే ఆ ఇంట్లో కోడల్ని ఆ పేరుతో పిలవకూడదు. పెళ్ళిపీటల మీద నుంచి లేచిన రోజు నుంచి ఆమె 'ఏమే', 'ఓమే', 'అమ్మే'. ఇక మొగుడి సంగతి. అత్తకు మొదట పుట్టిన పిల్లలు దక్కలేదట. ఈసారి బతికితే నీ పేరే పెడతామని తిమ్మరాయస్వామికి మొక్కుకుంటే ఇతను బతికాడు. కాబట్టి తండ్రీ తిమ్మరాయప్పే, కొడుకూ తిమ్మరాయప్పే.

"పేర్లు రాసుకునేటాయన వచ్చిన పొద్దు మా అత్త చేనుకు పోయినాది. మొగోళ్ళ పేర్లూ అత్త పేరూ ఆయన కాగితంలో ముందే ఉండాయి, నా పేరు నేనే గడపలోకి వచ్చి చెప్పినాను. పెండ్లయినప్పటి నుంచి ఆ పేరు ఎవురి నోటా వినలేదక్కా. ఆ పొద్దు నా నోట నేనే విన్నాను. దాన్ని ఇప్పుడు కొట్టేసినారు."

ఇద్దరూ వేరు వేరు మనుషులని కృష్ణగిరి తాలూకా ఆఫీసులో కనబడి చెప్పుకుంటే తిరిగి రాస్తారు. శనివారం దాకానే గడువు. ఇద్దరూ పోవాలి.

అత్త వాకిట్లో అనపకాయలు ఒలుస్తోంది. సన్నగా, నిటారుగా, ఒక్క పన్ను ఊడని మనిషి. అంతా విని, చేట దులిపి, "నా పేరు ఉండాది గదా. నేనెందుకు వచ్చేది?" అంది.

"కోడలి పేరు కొట్టేసినారు అవ్వా."

"దానికి పేరెందుకు? ఈ గడపలో లచ్చుమమ్మ ఒకతే. అంతగా కావాలంటే రుక్కమ్మ అని రాసుకోండి. మంచి పేరే, ఎవురూ వాడుకోవడం లేదు."

కోడలు స్తంభం చాటు నుంచి మెల్లగా, మాకు మాత్రమే చెబుతున్నట్టు అంది. "వేరే పేరైతే నాకొద్దక్కా. ఓటే వద్దు."

టీచరమ్మ మాకు ప్రజాస్వామ్యం గురించి చాలా మంచి మాటలు నేర్పి పంపింది, అవన్నీ మనసులో తిప్పి చూశాను. ఒక్కటీ ఈ అవ్వకు సరిపోయేలా లేదు. ఇంతలో వదిన ఒక అనపకాయ తీసుకొని ఒలుస్తూ, ఎవరితోనో అన్నట్టు అంది.

"ఎదురింటోళ్ళకు మూడు ఆడ ఓట్లు రాసినాము. అత్తా, ఇద్దరు కోడండ్లు. ఎలక్షన్ పొద్దు ముగ్గురూ కొత్త కోకలు కట్టుకొని వరసగా పోతారు. ఈ అవ్వ ఒకతే పోతాది పాపం. అదైనా, గీత కొట్టింది ఏ లచ్చుమమ్మ మీదనో ఎవురికి తెలుసు? ఆఫీసులో వాళ్ళు ముసలోళ్ళను కొట్టేసినారేమో."

అవ్వ చేతిలో అనపకాయ ఆగింది. ఎదురింటి వైపు ఒకసారి చూసింది. ఆ ఇంటితో ఆమెకేమి తగాదానో నేను అడగలేదు, చూపే చాలు.

"ఒరే పిల్లోడా," అని కేకేసింది లోపలికి, "రేపు బండి కట్టు."

పిల్లోడు బయటికొచ్చాడు. మీసం నెరిసి ఉంది. కొడుకు పేరు పలికితే మొగుడి పేరు పలికినట్టే కదా, అందుకని పుట్టినప్పటి నుంచి ఆమె అతన్ని అలాగే పిలుస్తోంది.

బండిలో

పిల్లోడు బండి తోలాడు. అవ్వ ముందు, నేనూ వదినా మధ్యలో, కోడలు వెనక కాళ్ళు వేలాడేసుకొని. అత్తాకోడళ్ళు నేరుగా మాట్లాడుకోలేదు. "దాన్ని ఆ మూట సరిగా పట్టుకోమను," అని అవ్వ నాతో అనేది. "పట్టుకున్నానని చెప్పక్కా," అని కోడలు నాతో అనేది. కాసేపటికి నా మెడ రెండు వైపులా తిరిగి నొప్పి పుట్టింది.

రోడ్డుకు రెండు పక్కలా చింతచెట్లు. పెన్నేటి మీద కడుతున్న డ్యాముకు రాళ్ళ లారీలు దుమ్ము రేపుకుంటూ పోతున్నాయి. ఒక లారీ హారను కొడితే ఎద్దులు బెదిరి బండిని గుంటలోకి దించాయి. ఎవరికీ ఏమీ కాలేదు గానీ, వదిన తమలపాకుల సంచి బురదలో పడింది. ఆమె ఆ లారీవాణ్ణి తెలుగులో మొదలుపెట్టి, అరవంలో కొనసాగించి, కన్నడంలో ముగించింది.

బండి లేపి మళ్ళీ ఎక్కాక అవ్వ కాస్త మెత్తబడింది. నేను ఊరికే, "ఆ పేరు మీద నీకంత ప్రాణమేంది అవ్వా?" అని అడిగాను.

"ప్రాణమా? నా అత్త నన్ను ఒక్కనాడూ పేరు పెట్టి పిలిచింది లేదు. మొగుడు పిలవడు. పిల్లోడు అమ్మా అంటాడు. నాకు పేరుండేది నేనే మరిచిపోయినాను. ఇది కోడలిగా వచ్చినప్పుడు అందురూ వచ్చి, అయ్యో, దీన్ని ఆ పేరుతో పిలవకూడదు, అది అత్త పేరు అన్నారు. అప్పుడు గదా ఊరికి నా పేరు గుర్తొచ్చింది! ఇప్పుడు దానికిచ్చేస్తే నాకేముంటాది?"

వెనక వేలాడుతున్న కాళ్ళు ఊగడం ఆపేశాయి. ఈ మాటను అటు అందించమని ఎవరూ నన్ను అడగలేదు.

కృష్ణగిరి

కృష్ణగిరి కోటకొండ చాలా దూరం నుంచే కనబడుతుంది, దగ్గరికి పోయేకొద్దీ ఊరు కనబడుతుంది. వదిన పెద్ద గోనెసంచి తెచ్చింది. కృష్ణగిరి అంటే మామిడిపండ్లని ఎవరో చెప్పారట. చలికాలంలో మామిడిపండ్లు ఎక్కడివని అడిగితే, "ఊరికి పేరుంటే సరిపోయిందా, కాయ ఉండొద్దా?" అని ఊరి మీద కోప్పడింది.

హోటల్లో ఇడ్లీ అర్ధణా. మా హోసూరులో సాంబారులో బెల్లం ముక్క వేస్తారు, అక్కడ వేయరు, కారం నేరుగా వచ్చి పలకరిస్తుంది. అవ్వ కాఫీ తాగడం అదే మొదలు. ఒక గుక్క తాగి, "దీనికా అణా?" అంది. తర్వాత గ్లాసు అడుగు దాకా తాగి, కోడలి గ్లాసు వైపు చూసి, "దానికి వద్దేమో అడుగు," అంది నాతో. నేను అడగకముందే కోడలు గటగటా తాగేసింది.

తాలూకా ఆఫీసు వరండా నిండా జనం. మా వంతు వచ్చేసరికి ఎండ గోడ దిగింది. గుమాస్తా కళ్ళజోడు పెట్టుకున్న చిన్నవాడు. ఆయన అరవంలో అడిగేవాడు, మేము తెలుగులో చెప్పేవాళ్ళం, ఎవరికీ ఇబ్బంది లేకపోయింది. ఇబ్బంది వేరే చోట వచ్చింది.

"ఒకే ఇల్లు, ఒకే పేరు, మొగుడి పేరు కూడా ఒకటే," అన్నాడు కాగితం చూసి. "ఒకామె రెండు ఓట్లు వేయడానికా?"

"ఇద్దరూ నీ ఎదురుగానే ఉండారు గదా సామీ," అన్నాను.

"ఉంటే సరిపోదు. ఎవరి పేరు వాళ్ళు చెప్పాలి."

"లచ్చుమమ్మ," అంది అవ్వ, గోడ అదిరేలా.

గుమాస్తా కోడలి వైపు తిరిగాడు. ఆమె పెదాలు కదిలాయి. మాట రాలేదు. చేనుకు పోయిన అత్త వేరు, పక్కన నిలబడి ఉన్న అత్త వేరు.

"నేను చెప్తాను," అన్నాను.

"మీరు చెబితే చెల్లదు. ఇంటివాళ్ళు చెప్పాలి. నువ్వు ఎవరయ్యా, మొగుడివా? నీ పెళ్ళాం పేరేమి?"

పిల్లోడు తల గోక్కున్నాడు. "అది మా అమ్మ పేరు సామీ. అమ్మను పేరు పెట్టి ఎట్ల పిలిచేది?"

"మీ అమ్మ పేరు కాదయ్యా, నీ పెళ్ళాం పేరు."

"రెండూ ఒకటే గదా సామీ."

"నీ పేరేమి?"

"తిమ్మరాయప్ప."

"మీ నాయన పేరు?"

"తిమ్మరాయప్ప."

గుమాస్తా కలం కింద పెట్టాడు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. అవ్వ వైపు తిరిగి, "అమ్మా, వీడు నీ కొడుకేనా? వీడి పేరేమో నువ్వు చెప్పు," అన్నాడు.

"పిల్లోడు," అంది అవ్వ.

"వీడా పిల్లోడు?"

"నాకు పిల్లోడే."

వరండాలో వెనక నిలబడినవాళ్ళు నవ్వడం మొదలుపెట్టారు. వదిన కొంగు నోట్లో కుక్కుకుంది. గుమాస్తాకు మాత్రం నవ్వు రాలేదు. మేము ఆయన్ను ఆట పట్టిస్తున్నామనుకున్నాడు.

"ఆఫీసు మూసే వేళయింది. ఈమె పేరు ఈమె చెప్పాలి, లేదా ఈమె ఇంటివాళ్ళు చెప్పాలి. చెప్పకపోతే గీత గీతే," అని ఎర్ర కలం చేతిలోకి తీసుకున్నాడు.

అప్పుడు నాకు తట్టింది. కోడలు తన పేరు తాను చెప్పలేదు, అత్త పక్కన ఉంది. మొగుడు చెప్పలేడు, అది తల్లి పేరు. ఆ ఇంట్లో ఆ పేరు పలకడానికి ఏ అడ్డూ లేని మనిషి ఒక్కతే ఉంది. ఆమెకేమో ఆ పేరు తప్ప సొంతమంటూ ఇంకేమీ లేదు. నేను అవ్వ వైపు చూశాను. వదిన కూడా చూసింది. ఈసారి వదిన ఎదురింటివాళ్ళ ఊసెత్తలేదు. వదిన నోరు మూసుకోవడం ముద్ద అతుక్కోకుండా అదే మొదటిసారి.

అవ్వ కోడలి ముఖంలోకి చూసింది. బండిలో అంత దూరం వచ్చి కూడా ఆమె అలా నేరుగా చూడటం నేను చూడలేదు. కోడలు కళ్ళు దించుకోలేదు.

"రాసుకోప్పా," అంది అవ్వ, గుమాస్తా వైపు తిరక్కుండానే. "అది లచ్చుమమ్మ. నా కోడలు లచ్చుమమ్మ. నేను లచ్చుమమ్మ. ఇద్దరుమూ ఉండాము. నీకు కండ్లద్దాలు ఉండాయి గదా, పెట్టుకొని చూడు."

గుమాస్తా చూశాడు. రెండింటికీ తేడా తెలియాలి కదా, ఒకరిని పెద్ద లక్ష్మమ్మ, ఇంకొకరిని చిన్న లక్ష్మమ్మ అని రాస్తానన్నాడు.

"నన్ను పెద్ద అని రాయి, పెద్దదాన్నే. దాన్ని చిన్న అని రాయొద్దు. దాని పేరు దానికి ఎంతుందో అంతే రాయి."

గుమాస్తా రాశాడు. నేను ఎదురు నుంచి తలకిందులుగానే చదివాను, బస్సు బోర్డులు నేర్పిన అరవ అక్షరాలే గదా. పెద్ద లక్ష్మమ్మ. దాని కింద, గీత లేకుండా, లక్ష్మమ్మ.

తిరుగుదారి

వచ్చేటప్పుడు బండిలో నా మెడకు పని లేకపోయింది. అవ్వ నేరుగా మాట్లాడటం మొదలుపెట్టింది.

"లచ్చుమమ్మా, ఆ చెంబు ఇట్లియ్యి."

"లచ్చుమమ్మా, మూట జారుతాది చూడు."

"లచ్చుమమ్మా, ఇంటికి పోతానే అనపగింజలు నానబెట్టాల, గుర్తు పెట్టుకో."

ఎద్దుల్ని తోలుతున్న పిల్లోడు మొదటిసారి విని వెనక్కి తిరిగి, వాళ్ళమ్మ తనను తానే పిలుచుకుంటోందేమోనని భయంగా చూశాడు. వదిన నా చెవిలో గుసగుసలాడింది. "మనం దానికి మంచి చేసినామా, చెడు చేసినామా? ఇన్నాళ్ళూ పేరు లేదు కాబట్టి, నన్ను కాదేమోలే అని సగం పనులు తప్పించుకునింటాది. ఇంగ తప్పదు."

కుందారపల్లి దగ్గర మేము దిగాలి. హోసూరు బస్సు కోసం రోడ్డు పక్కన నిలబడ్డాం. బండి ఊరి దారిలోకి మళ్ళింది. అవ్వ ముందు నుంచి మళ్ళీ పిలిచింది.

"లచ్చుమమ్మా!"

కోడలు పలకలేదు. వెనక అంచున కూర్చొని మా వైపే చూస్తోంది.

"మీ అత్త పిలుస్తా ఉండాది, వినబడలేదా?" అని కేకేశాను.

"వినబడిందక్కా," అంది నవ్వు ఆపుకుంటూ. "ఇంగోసారి పిలవనీ."